జీవవైవిధ్య సభ బీల గట్టు మీద పెట్టండి: శ్రీకాకుళం జిల్లా అధికారులకు బహిరంగ లేఖ

శ్రీకాకుళం జిల్లా కలెక్టర్ గారికి, అటవీ, మత్స్య, వ్యవసాయ, పంచాయతీరాజ్ శాఖల అధికారులకు, పర్యావరణం మీద సదస్సులు జరిపే కళాశాలలకు, స్వచ్ఛంద సంస్థలకు నమస్కారాలు.

సోంపేట దగ్గర బీల అనే చిత్తడి నేలను ఆనుకుని ఉన్న ఊళ్లో వ్యవసాయం చేసుకుంటున్నవాణ్ని. మే 22 జీవవైవిధ్య దినం, జూన్ 5 పర్యావరణ దినం వచ్చాయంటే మన జిల్లాలో సభలు జరుగుతాయి. సుస్థిర అభివృద్ధి మీద చర్చలు ఏడాది పొడవునా ఎక్కడో ఒకచోట నడుస్తూనే ఉంటాయి. పిలిచిన వాటికి వెళ్తుంటాను. పేపర్లో చూసి, పిలవకుండానే వెళ్లినవీ ఉన్నాయి. వాటిని ఆపమని ఈ ఉత్తరం రాయడం లేదు, ఇంకా ఎక్కువగా జరగాలనే నా కోరిక. నేను అడిగేది ఒక్కటే. సభలో జనం చెప్పిన మాట ఊరి జీవవైవిధ్య రిజిస్టర్‌లోకి ఎక్కాలి. రేపు మా నేల మీద ఏదైనా నిర్ణయం తీసుకునేటప్పుడు ఆ రిజిస్టర్ మీ బల్ల మీద ఉండాలి. ఆ మాట చెప్పగలిగినవాళ్లు హాలు దాకా రాలేరు కాబట్టి సభే వాళ్ల దగ్గరికి వెళ్లాలి.

మే 22 సంగతే చూడండి. 1992లో ఆ రోజున నైరోబీలో జీవవైవిధ్య ఒప్పందాన్ని ఆమోదించారు కనుక దేశాలన్నీ ఆ తేదీనే జరుపుకుంటాయి. మనకది నడి ఎండాకాలం. ఉద్దానం తోటల్లో జీడిపిక్కల పనులు పూర్తిగా తెమిలి ఉండవు, పనసకాయలు దిగుతుంటాయి. ఆడవాళ్లు పొద్దున్నే తోటకి పోతే మళ్లీ ఎండ ముదిరాకే ఇంటికి వస్తారు. పదకొండు గంటలకి జిల్లా కేంద్రంలో సభ అంటే వాళ్లెవరూ రారు.

తీరంలో మాత్రం పరిస్థితి వేరు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మన తూర్పు తీరమంతా మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టి పెరిగే కాలమని ప్రభుత్వమే పెట్టిన నిషేధం అది. పడవలు ఇసుక మీద ఉంటాయి. మనుషులు సరుగుడు చెట్ల నీడన కూర్చుని వలల చిరుగులు కుట్టుకుంటూ ఉంటారు. సుమారు 193 కిలోమీటర్ల తీరం ఉన్న జిల్లాలో, సముద్రం గురించి బాగా తెలిసినవాళ్లంతా తీరికగా దొరికే రోజు మే 22. కళింగపట్నంలోనో భావనపాడులోనో బారువలోనో ఆ నీడలోనే చాప పరిచి కూర్చుంటే ఏ చేప తగ్గింది, ఏది ఒడ్డుకి దూరంగా జరిగింది, పెద్ద బోట్లు ఎంత దగ్గరికి వచ్చి గీకేస్తున్నాయి, ఏ కంత వలలో పిల్ల చేప కూడా మిగలకుండా పడిపోతోంది, అన్నీ చెబుతారు. వాళ్ల పిల్లలు చేపల వేటకే గుజరాత్ తీరానికి ఎందుకు వలసపోతున్నారో కూడా చెబుతారు. జీవవైవిధ్యం మీద సభ, సుస్థిర అభివృద్ధి మీద సభ అని రెండు వేరు వేరు బ్యానర్లు కట్టుకుంటున్నాం గానీ వాళ్ల నోట అవి రెండూ ఒకే మాటగా వస్తాయి.

సభ ఎవరి కోసం జరుగుతోందో మరిచిపోతే ఏమవుతుందో ఒక తీరంలో చూశాను. ఊరు పేరు, జరిపినవారి పేరు రాయను. సముద్రంలోకి తాబేలు పిల్లల్ని వదిలే కార్యక్రమం. మన ఒడ్డున జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట ఇసుకలో గుంత తవ్వి, ఒక్కోటి వంద దాకా గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి. నక్కలు, కుక్కలు తవ్వేయకుండా ఊరి కుర్రాళ్లు తెల్లారేలోపు ఆ గుడ్లు తీసి, కంచె కట్టిన చోట అంతే లోతు గుంతలో మళ్లీ పాతిపెడతారు. నలభై అయిదు నుంచి అరవై రోజుల్లో పిల్లలు పైకి వస్తాయి. ఆ రోజు కూడా చీకటి ఉండగానే వచ్చాయి. అరచేతిలో సగం కూడా లేవు. అతిథి గారు ఇంకా బయల్దేరలేదని వాటిని ఇసుక పోసిన ప్లాస్టిక్ టబ్బులో పెట్టారు. టబ్బు అంచుకి ఎగబాకడం, వెనక్కి పడటం, మళ్లీ ఎగబాకడం. గంట గడిచింది, ఎండ వచ్చింది, ఎగబాకేవి తగ్గిపోయాయి. కాపలా కుర్రాడు తడిగుడ్డ కప్పి నా వైపు చూసి, "ఇయి ఆగలేవు బావూ, ఒగ్గీమనండి" అన్నాడు. అతని మాట వినేవాళ్లు అక్కడ లేరు. గుడ్డు లోపలి సొన నుంచి వచ్చిన బలం కొంతే ఉంటుంది ఆ పిల్లలకి. ఆ బలంతోనే అలలు దాటి లోతుకి ఈదాలి. టబ్బులో ఖర్చయిపోయింది మళ్లీ రాదు. వెలుతురు ఎటుంటే అటు నడిచే జీవాలవి. ఫోన్ల లైట్లు వేస్తే ఒడ్డు వైపుకి తిరుగుతాయి.

అందుకని కలెక్టర్ గారిని ప్రత్యేకంగా అడుగుతున్నాను. తాబేలు పిల్లల కార్యక్రమం ఏ తీరంలో జరిగినా వేళ నిర్ణయించే అధికారం ఆ కాపలా కుర్రాడికి ఇవ్వండి. అతిథులు అతను చెప్పిన టైముకి రావాలి, రాలేకపోతే వాళ్లు లేకుండానే పిల్లల్ని వదిలేయాలి. ఒక్క ఉత్తర్వుతో అయ్యే పని ఇది.

ఇప్పుడు మా బీల గురించి. కొండల వైపు నుంచి దిగే గెడ్డల, అంటే వాగుల నీరు సముద్రంలో కలిసేముందు నిలిచే పల్లపు నేలని సోంపేట, కవిటి వైపు బీల అంటాం, తంపర అని కూడా అంటారు. రోడ్డు మీద నుంచి చూసేవారికి తుంగ, జమ్ము, నాలుగు కలువ పూలు తప్ప ఏమీ కనబడవు. గట్టు దిగి మోకాలి లోతు నీళ్లలో నిలబడాలి. వానలు పడ్డాక కొర్రమీను ఎర్రటి పిల్లల గుంపుని నీటిపైకి తెచ్చి, కిందనే కాపలా తిరుగుతుంటుంది. గుంపు ఒకచోట బుడబుడలాడుతూ కదులుతుంటే తల్లి దాని కింద ఉందని గుర్తు. ఆ గుంపు కనబడిన చోట మా ఊరి పెద్దవాళ్లు వల వెయ్యనిచ్చేవారు కాదు. ఇంగిలాయి, మార్పు, జెల్ల, పరిగె చేపలు ఇక్కడివే. గట్టు వారన పొన్నగంటి కూర. తుంగ కోసుకొచ్చి ఎండబెట్టి చాపలు అల్లుతారు. గేదెలు పీకల్లోతు నీళ్లలో ఉండి మేస్తాయి. బీల నీళ్లు ఎత్తిపోసుకుని వరి పండిస్తాం. కిడ్నీ జబ్బులతో నలిగిపోతున్న ఉద్దానంలో నీటి మాట ఎత్తితే చాలు, ప్రతి ఇంట్లో టెన్షనే. అలాంటి చోట నీటిని ఇంకించుకుని పెట్టే నేల ఇది.

ఈ నేలని థర్మల్ విద్యుత్ కేంద్రానికి ఇవ్వబోయినప్పుడు పనికిరాని నేల అన్నారు. బీల మీద బతికేవాళ్లు కాదన్నారు. 2010 జూలై 14న సోంపేటలో పోలీసు కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. ఆ రోజుల్లోనే జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ ప్రాజెక్టుకి ఇచ్చిన అనుమతిని రద్దు చేసింది. మరుసటి ఏడాది ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో కూడా థర్మల్ కేంద్రం గొడవలోనే కాల్పులు జరిగి మనుషులు చనిపోయారు. తడి నేలని తడి నేల అని ఒప్పించడానికి మన జిల్లా ఇంత చెల్లించింది. అప్పటికే ఊరి చేతిలో ఒక రిజిస్టర్ ఉండి, అందులో ఈ చేపలు, ఈ కూరలు, ఈ చాపలు, ఈ పక్షులు, వీటి మీద బతికే ఇళ్ల లెక్క ఉండి, దాని మీద ప్రభుత్వ ముద్ర ఉండి ఉంటే పనికిరాని నేల అనే మాట రాసేముందు ఎవరైనా ఆగి ఆలోచించేవారని నా నమ్మకం.

చట్టం ఆ రిజిస్టర్ పెట్టమనే చెబుతోంది. జీవవైవిధ్య చట్టం 2002లోనే వచ్చింది. దాని 41వ సెక్షన్ ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. 2004 నాటి నిబంధనలు కమిటీలో మూడో వంతుకి తగ్గకుండా ఆడవాళ్లు ఉండాలన్నాయి, ఎస్సీ, ఎస్టీలకు చోటు ఉండాలన్నాయి. ఆ కమిటీ ముఖ్యమైన పని ఊరివాళ్లని అడిగి ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాయడం. ఏళ్ల తరబడి పని సాగకపోతే చివరికి జాతీయ హరిత ట్రిబ్యునల్ 2020 జనవరి 31 గడువు పెట్టి, దాటితే రాష్ట్రాలు నెలకి పది లక్షల చొప్పున కట్టాలని చెప్పింది. గడువు తరుముకొస్తే ఏ పని ఎలా జరుగుతుందో ఆఫీసుల్లో ఉన్న మీకు నేను చెప్పక్కర్లేదు. మా ఊళ్లో కమిటీలో ఎవరున్నారని అడిగితే చెప్పగలిగేవాళ్లు తక్కువ. రిజిస్టర్‌ని గ్రామసభలో చదివి వినిపించగా నేను ఎప్పుడూ వినలేదు.

మనం జరిపే సభల్ని ఈ రిజిస్టర్‌తో ముడిపెట్టమని నా విన్నపం. మే 22న వక్తలు చెప్పే ప్రపంచ విషయాలు వినదగ్గవే. 2012 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో జీవవైవిధ్య ఒప్పంద దేశాల మహాసభ జరిగినప్పుడు మనమంతా ఎంత గర్వపడ్డామో గుర్తుంది. 2030 నాటికి భూమిలో, సముద్రంలో ముప్ఫై శాతం కాపాడాలని 2022లో మాంట్రియల్‌లో దేశాలు ఒప్పుకున్నాయి. ఆ ముప్ఫై శాతంలో మా బీల ఉందో లేదో ఎవరు చెప్పాలి? ఊరి రిజిస్టర్‌లో లేనిది జిల్లా లెక్కలోకి రాదు, జిల్లా లెక్కలో లేనిది అంతంత పెద్ద సభల దాకా వెళ్లదు.

సభ నడిపే పద్ధతికి కూడా కొత్తగా ఏమీ కనిపెట్టక్కర్లేదు. ప్రాజెక్టుల మీద జరిపే ప్రజాభిప్రాయ సేకరణకి 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్‌లో నిబంధనలు ఉన్నాయి. ముప్ఫై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, నివేదిక సారాంశం స్థానిక భాషలో ఉండాలి, సభ ముగిసేముందు జనం లేవనెత్తిన అంశాలన్నీ వాళ్ల భాషలో చదివి వినిపించాలి. ఆ చివరి నిబంధన నాకు చాలా ఇష్టం. మన జీవవైవిధ్య సభల్లో వందన సమర్పణ ఉంటుంది, జాతీయ గీతం ఉంటుంది. వాటికి ముందు ఒక పావుగంట, "ఫలానా ఊరి మనిషి ఈ మాట చెప్పారు, ఇలా రాసుకున్నాం, సరిగ్గా ఉందా?" అని చదవండి. సరిదిద్దుకునే అవకాశం ఇవ్వండి. ఆ కాగితం కమిటీ సంతకంతో రిజిస్టర్‌లో అతికించండి. ఇక ప్రాజెక్టు మీద సభ జరిగే రోజున ఆ ప్రాంతపు రిజిస్టర్లు అధ్యక్ష స్థానంలో కూర్చునే అధికారి ముందు ఉండాలి. కంపెనీ ఇచ్చిన నివేదికలో మొక్కల జాబితా, జంతువుల జాబితా ఉంటాయి కదా, వాటిని ఊరి రిజిస్టర్‌తో అక్కడికక్కడే పోల్చి చూడాలి.

ఎవరిని పిలవాలన్న దాని మీద తేలినీలాపురం మనకి నేర్పిన పాఠం ఉంది. టెక్కలి మండలంలోని ఆ ఊళ్లో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఏటా చెట్ల మీద గూళ్లు కట్టి పిల్లల్ని చేసుకుని వెళ్తాయి. పెరట్లో రెట్టలు పడతాయి, చేపల కంపు కొడుతుంది. అయినా ఊరివాళ్లు ఒక్క రాయి విసరరు. అవి రాని ఏడు ఊరికి మంచిది కాదని వాళ్ల నమ్మకం. 2021 చివర, 2022 మొదట్లో అక్కడ గూడబాతులు వరసగా చనిపోయాయి. తిన్న చేపల నుంచి చేరిన పురుగులే కారణమని తేలింది. అంటే ఊరు పక్షిని ఎంత ప్రేమగా చూసుకున్నా అది మేతకి వెళ్లే చెరువులు, నౌపడ వైపు చిత్తడి నేలలు బాగుండాలి. తేలినీలాపురంలో సభ పెట్టి ఆ ఊరివాళ్లకే పక్షుల గొప్పతనం చెబితే సరిపోదు. చేపల చెరువుల వాళ్లని, ఉప్పు మడుల వాళ్లని, ఇప్పుడు మూలపేటలో పోర్టు కడుతున్న వాళ్లని కూడా ఆ చెట్ల కిందికి పిలవాలి. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో అయితే వరి రైతులు రావాలి. అక్కడికి వచ్చే చిల్లముక్కు కొంగ మడిలో నత్తని వెతికి, ముక్కుతో పట్టి, గుల్లలోంచి మాంసం లాగి తింటుంది. నత్త ఉంటేనే కొంగ ఉంటుంది. మడిలో మందు ఏది కొడుతున్నారో, ఎంత కొడుతున్నారో అక్కడ మాట్లాడుకోవాలి.

పోర్టు పేరెత్తాను కాబట్టి నా మనసులో మాట చెప్పేస్తాను. పోర్టు వద్దని నేను అనను. వలస పోయిన బిడ్డ ఇంటికి రావాలని ఈ జిల్లాలో కోరుకోని తల్లి లేదు. ఎన్ని ఉద్యోగాలు, ఎవరికి, ఏ చదువుతో, ఒడ్డు కోసుకుపోతే ఏ ఊరికి ఏమిటి, ఈ ప్రశ్నలు పర్యావరణ సభలోనే అడగనివ్వండి. "ఇది ఆ వేదిక కాదు" అని మైకు తీసేసుకోవడం మంచి పద్ధతి కాదు.

సన్న ఖద్దరుకి పేరుపడ్డ పొందూరు గురించి కూడా ఒక మాట. వాలుగ చేప దవడ ఎముకకి సన్నటి పళ్లు వరసగా ఉంటాయి. దానితో కొండపత్తి దూదిని ఏకితే చెత్త పోయి పోగులు ఒకే వైపుకి తిరుగుతాయి. ఆ చేప, ఆ పత్తి విత్తనం, ఆ చేతులు మూడూ ఉంటేనే ఆ సన్న ఖద్దరు. వందేళ్ల కిందట గాంధీ గారు మెచ్చుకున్న బట్ట అది. వాలుగలు నదుల్లో ఎలా ఉన్నాయి, కొండపత్తి ఎంతమంది వేస్తున్నారు, ఏకడం కొత్తగా ఎవరైనా నేర్చుకుంటున్నారా అనేది మత్స్య, వ్యవసాయ, చేనేత శాఖలు మూడూ కలిసి కూర్చుంటే తప్ప తేలదు. పొందూరులో ఒక సభ ఆ పని మీదే జరగాలి.

కొండ ఊళ్లలో మాత్రం తొందరపడవద్దు. మందస, మెళియాపుట్టి వైపు సవర గిరిజనుల దగ్గర మొక్కల మీద, విత్తనాల మీద ఉన్న జ్ఞానం పుస్తకాల్లో లేదు, నోటి మాటగా ఉంది. రిజిస్టర్‌లో రాసిన మందు మొక్క రహస్యం రేపు ఎవరి చేతికి పోతుందోనన్న భయం వాళ్లకి ఉంటే అది న్యాయమైన భయమే. 2023లో చట్టాన్ని సవరించి, పుస్తకాలకెక్కిన సంప్రదాయ జ్ఞానాన్ని వాడుకునేవాళ్లు దాన్ని కాపాడినవాళ్లకి లాభాల్లో వాటా ఇవ్వాలన్న నిబంధన నుంచి మినహాయింపు ఇచ్చారు. కాబట్టి ఏది రాయాలి, ఏది రాయకూడదు అన్నది వాళ్ల భాషలో వాళ్లతో మాట్లాడి, వాళ్లు ఒప్పుకున్నాకే రాయండి. వద్దంటే అక్కడితో ఆగిపోండి. జీడితోటల్లో ఎలుగుబంట్ల భయం ఉన్న ఊళ్లలోనూ ఇంతే. ఒంటరిగా వెళ్లకండి అని కరపత్రం పంచి వచ్చేయకుండా, ఎలుగు ఏ కాలంలో ఏ దారిన దిగుతోంది, కొండ మీద దానికి నీళ్లెక్కడ ఎండిపోయాయి అనేది తోటకి వెళ్లే ఆడవాళ్లని అడిగి రాసుకోండి.

మహేంద్రగిరిని ఒడిశా ప్రభుత్వం 2022లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించింది. మన నాగావళి, వంశధార, మహేంద్రతనయ ఒడిశా కొండల్లోనే పుడుతున్నాయి, ఏనుగులూ అటునుంచే దిగాయి. మన జిల్లా, ఒడిశాలోని గజపతి జిల్లా అధికారులు, సరిహద్దుకి ఇటూ అటూ ఉన్న ఊళ్లవాళ్లు కలిసి కూర్చునే సభ ఏడాదికి ఒక్కటైనా ఉండాలి. గజపతి జిల్లా వారికి కలెక్టర్ గారు రాస్తే కాదనరనుకుంటాను.

మొదటి సభ మా దగ్గరే పెట్టమని కోరుతున్నాను. ఫిబ్రవరి 2 ప్రపంచ చిత్తడి నేలల దినం. సంక్రాంతి వెళ్లిపోయి ఉంటుంది, కోతలు, నూర్పులు అయిపోయి ఉంటాయి, తుపాన్ల భయం ఉండదు, చలికి వచ్చిన పక్షులు ఇంకా బీలలోనే ఉంటాయి. ఆ రోజు పొద్దున ఏడు గంటలకి బీల గట్టు మీద. టెంటు, మైకు, మంచినీళ్లు, భోజనాలు చుట్టుపక్కల ఊళ్లవాళ్లం చూసుకుంటాం. వేదిక వద్దు, అందరం చాపల మీదే కూర్చుందాం. మీరు పంచాయతీల రిజిస్టర్లు తీసుకురండి, వేగంగా తెలుగులో రాయగలిగే ఇద్దరు ముగ్గుర్ని పంపండి, చేపల్నీ మొక్కల్నీ చూసి శాస్త్రీయ నామం చెప్పగల లెక్చరర్లని పిలవండి. వారం ముందు అన్ని ఊళ్లలో దండోరా వేయించండి. ఆడవాళ్లు పది గంటలకల్లా ఇళ్లకి వెళ్లాలి కనుక మొదట వాళ్లనే మాట్లాడనివ్వాలి, సన్మానాలు ఉంటే చివర్లో పెట్టుకోవాలి.

మీ జవాబు పంచాయతీ ఆఫీసు నోటీసు బోర్డు మీద పెట్టించండి.

ఇట్లు,
సోంపేట మండలంలో బీల పక్క ఊరి రైతు